కారు ఏసీలో ముక్కిన వాసన: మగ్గుతో కొలిచి తగ్గించిన ప్రాజెక్టు డైరీ, చెన్నై

కారు 2017 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏసీకి చేత్తో తిప్పే నాబ్‌లు, బ్లోయర్‌కి (గాలి తోసే ఫ్యాను) నాలుగు స్పీడ్లు. 61,000 కిలోమీటర్లు తిరిగింది. నంగనల్లూరులో కానుగ చెట్టు కింద ఆగుతుంది. ఏసీ వేసిన మొదటి అర నిమిషం, తడిగుడ్డని మూటగట్టి రెండ్రోజులు మరిచిపోతే వచ్చే వాసన వస్తుంది. చల్లదనానికి లోటు లేదు, గ్యాస్ నిండుగా ఉంది.

కింద రాసినవన్నీ ఇంట్లో చేయగలిగిన పనులే. గ్యాస్ పైపులు విప్పాల్సిన పని ఒక్కటీ లేదు, విప్పకూడదు కూడా. తప్పుగా చేసినవి తీసేయకుండా అలాగే ఉంచాం. చదివి పని మొదలుపెట్టేవాళ్లకి ఎక్కువ పనికొచ్చేది ఆ భాగమే.

దశ 0: ముందు కొలతలు (మే 3)

వాసనకి మీటరు ఉండదు కాబట్టి 0 నుంచి 5 దాకా మార్కులు పెట్టుకున్నాం. 0 అంటే ఏమీ లేదు, 5 అంటే అద్దాలు దించక తప్పదు. మార్కు వేసే పద్ధతి ఇది:

1. కారు రాత్రంతా ఆగి ఉండాలి. ఉదయం 7 గంటలకి పరీక్ష.
2. మార్కు వేసేవాళ్లు ముందు 5 నిమిషాలు బయట నిలబడాలి. ముక్కు ఏ వాసనకైనా త్వరగా అలవాటు పడిపోతుంది. కార్లో కూర్చుని ఆలోచిస్తే ఒక మార్కు తక్కువే పడుతుంది.
3. తలుపులు మూసి, బయటి గాలి మోడ్, బ్లోయర్ 2, ఏసీ ఆన్. మొదటి 30 సెకన్లలో మార్కు.
4. ఇద్దరు వేరువేరుగా కాగితం మీద రాసుకోవాలి. రెండింటి సగటే లెక్క.

మూడు ఉదయాల సగటు 4.

ఇంకో సంగతి గమనించాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కంప్రెసర్ 'టక్' మని ఆగిన కొన్ని సెకన్లకి వాసన ఒక్కసారిగా గుప్పుమంటోంది, కంప్రెసర్ మళ్లీ పట్టుకోగానే తగ్గుతోంది. ఇది కూలింగ్ కాయిల్ మీద వేలుపెట్టి చూపించే గుర్తు. డ్యాష్‌బోర్డు వెనక గాలిని చల్లబరిచేది ఇదే, గాలిలో తేమ నీరై చేరేదీ దీని మీదే. కంప్రెసర్ ఆగగానే కాయిల్ వేడెక్కుతుంది, దాని మీది నీరు ఆవిరవుతూ బూజు, బాక్టీరియా వదిలిన వాసనని మోసుకొస్తుంది. వాసన ఏసీతో నిమిత్తం లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటే కాయిల్ కంటే ముందు కార్పెట్‌ని అనుమానించాలి. ఈ కారులో రెండూ ఉన్నాయి. రెండోది మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తియ్యటి వాసన వస్తూ అద్దం లోపల జిడ్డు మంచులా పడుతుంటే హీటర్ కోర్ (వేడి గాలి కోసం డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్) నుంచి కూలెంట్ కారుతోందని అర్థం. కాలిన వాసన, పెట్రోలు వాసన, ఎలుక చచ్చిన వాసన వేరే పనులు. వాటికి ఈ డైరీ పనికిరాదు.

కొన్నవి: తీగ చివర సెన్సర్ ఉన్న రెండు ప్రోబ్‌ల డిజిటల్ థర్మామీటర్ రూ. 450, గాలిలో తేమ చూపే మీటరు రూ. 300.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 750, పని 1 గంట, వాసన 4.

దశ 1: ఫిల్టర్ మార్చడం (మే 4)

గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే ముందుకి వాలుతుంది. దాని వెనక, లోపలికి వచ్చే గాలిని వడకట్టే ఫిల్టర్ మూత. పాత ఫిల్టర్ మడతల్లో ఎండిన కానుగ పూల రేకులు, దోమల రెక్కలు, నల్లటి దుమ్ము. జీపీ రోడ్డులో కొత్తది రూ. 320. అంచు మీద గాలి దిశకి బాణం గుర్తుంటుంది. ఈ కారులో ఫిల్టర్ బ్లోయర్ పైన ఉంటుంది కాబట్టి బాణం కిందికి ఉండాలి.

మర్నాడు మార్కు 3. నాలుగో రోజుకి మళ్లీ 4.

కారణం తేలికే. ఫిల్టర్ ఉండేది కాయిల్‌కి ముందు. గాలి ఫిల్టర్ దాటి, బ్లోయర్ దాటి, ఆ తర్వాత కాయిల్‌కి చేరుతుంది. కాయిల్ దగ్గర పుట్టిన వాసనని దానికంటే ముందే ఉన్న ఫిల్టర్ ఆపలేదు. అయినా ఫిల్టర్ మార్చాల్సిందే, కాయిల్ మీద బూజుకి మేత ఆ దుమ్మే. పాత ఫిల్టర్‌ని నీళ్లతో కడిగి మళ్లీ పెట్టొద్దు. కాగితపు పొర నీరు పీల్చుకుంటుంది, చెన్నై గాలిలో త్వరగా ఆరదు, అదే కొత్త బూజు గూడవుతుంది.

ఇప్పటిదాకా: రూ. 1,070, 1 గంట 20 నిమిషాలు, వాసన 4.

దశ 2: గాలి తీసుకునే చోట స్ప్రే (మే 8)

ఇంజన్ ఆన్ చేసి, బ్లోయర్ పెంచి, అద్దం కింది జాలీలోంచి స్ప్రే కొట్టే పద్ధతి. డబ్బా రూ. 380. సగం డబ్బా అయ్యాక తట్టింది, ఫిల్టర్ తీయలేదని. కొట్టిందంతా కొత్త ఫిల్టరే తాగేసింది. ఫిల్టర్ తీసి మిగతా సగం కొట్టాం.

మర్నాడు మార్కు 1. నాలుగో రోజుకి 2. తొమ్మిదో రోజుకి 3, నిమ్మకాయ సెంటు కలిసిన 3. ముక్కిన వాసన మీద సుగంధం పడితే ఒట్టి ముక్కిన వాసన కంటే వెగటు.

స్ప్రే చుక్కలు గాలితో పాటు ప్రయాణించి కాయిల్ ముందు భాగాన్ని తాకుతాయి. కాయిల్ నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉంటుంది. దాని పల్చటి అల్యూమినియం రేకుల మధ్య సందు మిల్లీమీటరుకి అటూ ఇటూ. వెనక భాగానికి, అడుగున నీరు నిలిచే తొట్టికి చేరేది చాలా తక్కువ. వాసన అసలు కాపురం ఆ తొట్టిలోనే.

ఇప్పటిదాకా: రూ. 1,450, 2 గంటలు, వాసన 3.

దశ 3: నీళ్ల లెక్క (మే 18)

ఇక్కడి నుంచి పని దారిన పడింది. మేము చేయాల్సిన మొదటి పరీక్షే ఇది, దీనికి పైసా ఖర్చు లేదు.

కాయిల్ మీద చేరిన నీరంతా తొట్టిలోకి, అక్కడి నుంచి రబ్బరు డ్రెయిన్ పైపు గుండా కారు కిందికి పోవాలి. ఎంత పోతోందో కొలిస్తే లోపల ఎంత ఆగుతోందో తెలుస్తుంది.

1. కారు బయట, చదునైన నేల మీద. షెడ్డులో, సెల్లార్ పార్కింగ్‌లో ఈ పరీక్ష వద్దు, సైలెన్సర్ పొగ ప్రాణం తీస్తుంది.
2. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, చక్రాల కింద రాళ్లు. ట్రే, మగ్గు ముందే పెట్టి ఆ తర్వాతే ఇంజన్ ఆన్. నడుస్తున్న కారు కింద తల పెట్టొద్దు.
3. బయటి గాలి మోడ్, బ్లోయర్ 2, నాబ్ పూర్తి చల్లదనానికి. ఐడ్లింగ్‌లో (కారు కదలకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా) 20 నిమిషాలు.
4. ఇంజన్ ఆపి, ఇంకో 5 నిమిషాలు ఆగి, నీటిని కొలవాలి.

లోపలి గాలి మోడ్‌లో కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. కారులో ఉన్న కొద్దిపాటి తేమ మొదటి నిమిషాల్లోనే అయిపోతుంది, తర్వాత నీరు నామమాత్రం.

ఆ ఉదయం బయట 31 డిగ్రీలు, తేమ 74 శాతం. ఆ గాలి కిలోకి సుమారు 21 గ్రాముల నీటిని మోస్తుంది. కాయిల్ దాటి 14 డిగ్రీలకి చల్లబడిన గాలి 10 గ్రాములకి మించి మోయలేదు. మిగిలిన 11 గ్రాములు కాయిల్ మీద పడాలి. ఐడ్లింగ్‌లో, ఈ బ్లోయర్ స్పీడుకి 20 నిమిషాల్లో అర లీటరు దాటాలని లెక్క.

మగ్గులో పడింది 140 మి.లీ.

మిగతా నీరు ఎక్కడికి పోయిందో ఎడమ సీటు ముందు మ్యాట్ ఎత్తగానే తెలిసింది. కార్పెట్ పైన పొడిగా ఉంది. అరచేత్తో గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లోంచి చల్లటి నీరు పైకొచ్చింది. తొట్టి నిండి, కాయిల్ ఉండే ప్లాస్టిక్ పెట్టె అతుకుల్లోంచి పొర్లి కార్పెట్ కింది స్పాంజిలోకి దిగుతోంది. వంపు తిరిగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు వెనక 'గళగళ' మనేది ఇందుకే. ఆ శబ్దం మాకు నెలల ముందే వినిపించింది, పట్టించుకోలేదు.

డ్రెయిన్ పైపు కోసం: ఇంజన్ గది వెనక గోడకి ఎడమవైపు కిందికి, కారు మధ్యకి దగ్గరగా వెతకాలి. బొటనవేలు లావు, వంకర తిరిగిన నల్ల రబ్బరు పైపు. పక్కనే హీటర్ పైపులు రెండు ఉంటాయి. అవి లావుగా, క్లిప్పులతో ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి.

ఈ పైపు చివర బాతు ముక్కులా అతుక్కుని ఉంది. పురుగులు, వేడి గాలి లోపలికి రాకుండా అలా చేస్తారు. ఆ రెండు పెదవుల మధ్య జిగురు. వేలితో నొక్కి విడదీయగానే ముందు గోధుమరంగు నీరు ఒక్క ఉదుటున, తర్వాత బొట్లుగా. పైపు ఊడదీసి, 300 మిల్లీమీటర్ల కేబుల్ టైని గుండ్రటి చివర ముందుంచి లోపలికి తోశాం. బయటికొచ్చింది చిటికెన వేలంత బిరడా. నలిపి చూస్తే మధ్యలో కానుగ రేకులు మూడు, చుట్టూ జున్నులా వణికే గోధుమరంగు జిగురు, బయట సన్నటి ఇసుక. వాసన చూడగానే అర్థమైంది, ఇన్నాళ్లూ వెంట్లలోంచి (డ్యాష్‌బోర్డు మీద గాలి వచ్చే జాలీలు) వచ్చింది ఇదే.

రేకులు ఇంతదూరం ఎలా వచ్చాయో వెతికాం. అద్దం కింది జాలీ ఒక మూల క్లిప్పు విరిగి పైకి లేచి ఉంది. ఫిల్టర్ మూత కూడా సగమే నొక్కి ఉంది, పక్క సందులోంచి చెత్త నేరుగా లోపలికి. రెండూ సరిచేశాం. జాలీ కింద చేరిన ఆకు చెత్త ఒక మగ్గు నిండింది.

ఒక హెచ్చరిక. టైర్ల షాపులో గాలి గన్ను పెట్టి డ్రెయిన్‌లోకి కిందినుంచి కొట్టించే అలవాటు ఉంది. చెత్త మళ్లీ కాయిల్ రేకుల్లోకి ఎగురుతుంది. ఒత్తిడికి లోపలి అతుకు ఊడితే డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది. చెత్తని కిందికి లాగాలి, పైకి తోయకూడదు.

పరీక్ష మళ్లీ చేశాం, వాతావరణం దాదాపు అదే: 520 మి.లీ.

రిచీ స్ట్రీట్‌లో ఫోనుకి తగిలించుకునే ఎండోస్కోప్ కెమెరా రూ. 750, కేబుల్ టైలు, రెండు మీటర్ల లెవెల్ ట్యూబ్ (మేస్త్రీలు మట్టం చూసే సన్నటి గొట్టం) కలిపి రూ. 70. కెమెరా లేకుండా కూడా పని అవుతుంది. కానీ తర్వాతి దశ కాయిల్‌ని చూసి చేయడానికీ గుడ్డిగా చేయడానికీ తేడా చాలా ఉంది.

ఇప్పటిదాకా: రూ. 2,270, 5 గంటలు, వాసన 3. తగ్గకపోవడం వింత కాదు. దారి తెరుచుకుంది కానీ మురికి అలాగే ఉంది.

దశ 4: కాయిల్ కడగడం, మొదటిసారి తప్పుగా (మే 24)

అల్యూమినియం కాయిల్‌కి పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసిన నురగ క్లీనరే వాడాలి. బ్లీచింగ్ నీళ్లు వద్దు, క్లోరిన్ అల్యూమినియంని తినేస్తుంది. ఇంటి ఏసీల బయటి యూనిట్‌కి వాడే ఘాటైన యాసిడ్, క్షార క్లీనర్లూ వద్దు. అక్కడ మిగిలిన ఘాటు బయటికి పోతుంది, ఇక్కడ మీ ముక్కులోకి వస్తుంది. కర్పూరం, డెటాల్ లాంటివి వాసన మీద వాసన వేస్తాయి, అంతే.

మొదటి ప్రయత్నంలో డ్రెయిన్ పైపులోంచి పైకి నురగ ఎక్కించాం, ఒక డబ్బా మొత్తం, ఆపకుండా. నురగ మేము అనుకున్న దానికంటే ఎక్కువ ఉబ్బి, కాయిల్ దాటి బ్లోయర్ వైపు గొట్టంలోకి పాకింది. అరగంట తర్వాత బ్లోయర్ వేస్తే 1, 2, 3 స్పీడ్లు పనిచేయలేదు. 4 మాత్రం తిరిగింది.

నాలుగే పనిచేస్తోందంటే మోటారు బాగున్నట్టే. నాబ్‌తో తిప్పే ఏసీల్లో తక్కువ స్పీడ్లకి కరెంటు, దాన్ని తగ్గించే రెసిస్టర్ గుండా వెళ్తుంది, పై స్పీడుకి మాత్రం నేరుగా మోటారుకి. ఆ రెసిస్టర్ చల్లగా ఉండాలని దాన్ని గాలి గొట్టంలోనే, బ్లోయర్‌కీ కాయిల్‌కీ మధ్య పెడతారు. నురగ సరిగ్గా అక్కడికే చేరింది. బ్యాటరీ నెగటివ్ తీసి, రెండు స్క్రూలతో రెసిస్టర్ ఊడదీసి, ప్లగ్గు పిన్నుల మీద కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టాం. తెల్లారి అన్ని స్పీడ్లూ వచ్చాయి. పుణ్యం బాగుంది. లోపలి ఫ్యూజ్ పోయి ఉంటే రెసిస్టరే మార్చాల్సి వచ్చేది.

ఈ పొరపాటు వల్ల ఒక మేలు జరిగింది. రెసిస్టర్ తీసిన రంధ్రంలోంచి కెమెరా పెడితే కాయిల్ ముఖం పూర్తిగా కనిపించింది. పై సగం శుభ్రంగా వెండిలా ఉంది. కింది మూడో వంతు మీద బూడిదరంగు నూగు, అడుగు అంచున నల్లటి చుక్కలు. నీరు నిలిచిన ఎత్తు ఎంతో గోడ మీద గీతలా పడి ఉంది.

రెండోసారి, సరిగ్గా (మే 25)

1. బ్యాటరీ నెగటివ్ తీయాలి. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని దగ్గర ఉండకూడదు.
2. ఫిల్టర్ బయటికి. రెసిస్టర్ ఊడదీసి ప్లాస్టిక్ సంచిలో. ఎడమవైపు నేల మీద పాత తువ్వాళ్లు.
3. డ్రెయిన్ తెరిచి ఉందని తేల్చుకోవాలి. రంధ్రంలోంచి కాయిల్ మీదికి 250 మి.లీ. నీరు పోస్తే రెండు నిమిషాల్లో కింద మగ్గులోకి రావాలి. రాకపోతే ఇక్కడే ఆగాలి.
4. లెవెల్ ట్యూబ్‌ని నురగ డబ్బా నాజిల్‌కి తగిలించి, చివర కాయిల్‌కి రెండు వేళ్ల దూరంలో ఉంచాలి. పై నుంచి కిందికి, అడ్డంగా జరుపుకుంటూ. ఐదు సెకన్లు కొట్టడం, అర నిమిషం ఆగడం. అలా అర డబ్బా.
5. 15 నిమిషాలు ఆగాలి. మిగిలిన అర డబ్బా కింది సగానికే. మళ్లీ 15 నిమిషాలు.
6. చేతి పంపు స్ప్రేయర్‌తో కడగాలి. విడతకి 250 మి.లీ. మించొద్దు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ఎక్కువ పోస్తే తొట్టి పొర్లి మళ్లీ కార్పెట్‌కే. గట్టి ధారకి రేకులు వంగుతాయి.
7. కడగడానికి క్యాన్ వాటర్ వాడాలి. మా వీధి బోరు నీటికి బకెట్ల అంచులే తెల్లగా ఉప్పు కడతాయి, అది కాయిల్ రేకుల మధ్య చేరితే తీయలేం.

ఆరు విడతల్లో 1,500 మి.లీ. పోశాం. మొదటి రెండు విడతలు టీ డికాక్షన్ రంగు, నాలుగోది బియ్యం కడిగిన నీరు, ఆరోది తేట. మగ్గులోకి తిరిగొచ్చింది 1,320 మి.లీ. మిగిలిన 180 మి.లీ. కాయిల్ రేకుల్లో, తొట్టి మూలల్లో అంటుకుని ఉండిపోయింది. ఈ 180 అంకె గుర్తుపెట్టుకోండి, దశ 6 మొత్తం దాని చుట్టూనే.

బ్లోయర్ చక్రం కూడా మూడు స్క్రూలు విప్పి కిందికి దింపాం. రెక్కల లోపలి వంపులో దుమ్ము తడిసి ఎండి పెచ్చు కట్టింది. పాత పెయింటింగ్ బ్రష్‌తో పొడిగానే దులపాలి, మోటారుకి నీరు తగలకూడదు. ఒక రెక్కకి చిన్న ఇనుప క్లిప్పు ఉంటుంది. అది తుప్పు ముక్కలా కనిపిస్తుంది కానీ చక్రం ఊగకుండా పెట్టిన తూకం. పీకేస్తే బ్లోయర్ జన్మంతా వణుకుతుంది.

రెండు నురగ డబ్బాలు రూ. 1,040 (అందులో ఒకటి వృథా), కాంటాక్ట్ క్లీనర్ రూ. 260, స్ప్రేయర్ రూ. 180, నీళ్ల క్యాన్ రూ. 40.

ఇప్పటిదాకా: రూ. 3,790, 10 గంటలు, వాసన 2.

కంప్రెసర్ ఆగినప్పుడు గుప్పుమనడం పోయింది. ఆ 2 తలుపు తీయగానే వస్తోంది, ఏసీ వేయకముందే. అది కార్పెట్.

దశ 5: కార్పెట్ కింది స్పాంజి (మే 31)

సీటు విప్పాలని మొదట అనుకుని మానుకున్నాం. సీటు కింద బెల్టు సెన్సర్, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గులు ఉంటాయి. ప్లగ్గు తీసి ఉండగా తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, దాన్ని ఆర్పడానికి స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలి. తలుపు అంచు ప్లాస్టిక్ పట్టీ లాగి, కార్పెట్‌ని ముందువైపు నుంచి ఎత్తి, కింద కొయ్య ముక్క పెడితే స్పాంజి చేతికి అందింది. ఈ కారులో స్పాంజి విడి ముక్క. కార్పెట్‌కి అతికించి ఉంటే బయటికి లాగకుండా, ఎత్తిపెట్టి కింది నుంచి టేబుల్ ఫ్యాను వేయాలి.

తడిగా తూకం 2.9 కిలోలు. సబ్బు నీటిలో రెండుసార్లు ముంచి, పిండకుండా పలకతో అదిమి, డాబా మీద నిలబెట్టాం. మొదటి రోజు సాయంత్రం 1.8, రెండో రోజు 1.3, మూడో రోజు 1.1, నాలుగో రోజూ 1.1. తూకం రెండు రోజులు కదలకపోతేనే ఎండినట్టు. చేతికి పొడిగా తగిలింది రెండో రోజే. అప్పుడే పెట్టేసి ఉంటే 200 గ్రాముల నీరు లోపల మూతపడేది.

వరద నీరు దూరిన కారైతే ఈ ఉతుకు పనికిరాదు. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు వానల్లో వేళచ్చేరి వైపు కార్లలోకి వచ్చింది మురుగు కలిసిన నీరు. అలాంటి స్పాంజిని పారేసి కొత్తది వేయాలి.

దశ 2లో సెంటు తాగిన ఫిల్టర్‌ని కూడా ఇప్పుడు మార్చాం, రూ. 320.

ఇప్పటిదాకా: రూ. 4,110, 12 గంటలు, వాసన 0.5.

దశ 6: కాయిల్ ఎండడానికి ఎంతసేపు (జూన్ 1 నుంచి 7)

ఇంటికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి, బ్లోయర్ ఒక్కటే నడపమని అందరూ చెబుతారు. మాట మంచిదే. ఆ రెండు నిమిషాలు చెన్నైకి సరిపోతాయా అని కొలిచాం.

కొలిచే పద్ధతి వట్టివేళ్ల తడికలో ఉంది. తడిక తడిగా ఉన్నంతసేపూ దాని గుండా వచ్చే గాలి బయటి గాలి కంటే చల్లగా ఉంటుంది. ఎండిపోగానే రెండూ ఒకటే. కాయిల్ కూడా అంతే. ఒక ప్రోబ్ అద్దం కింది జాలీ దగ్గర, ఇంకోటి మధ్య వెంట్లో. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా చల్లవైపు పెట్టి, బయటి గాలి, బ్లోయర్ 3. నిమిషానికోసారి రెండు అంకెలూ రాయాలి.

ఉదయం 7 గంటలకి, బయట 31 డిగ్రీలు, తేమ 74 శాతం. వెంట్ గాలి మూడు నిమిషాల్లో 26 దాటి, 27 దగ్గర ఆగిపోయింది. అక్కడే కూర్చుంది. 22వ నిమిషం తర్వాత మెల్లగా కదిలి, 26వ నిమిషానికి 31 చేరింది. అంటే ఎండడానికి 26 నిమిషాలు. మొదటి రెండు నిమిషాల్లో ఎండడం మాట అటుంచి, కొత్త నీరు పడుతుంది. ఆ గాలిలో తేమ దాదాపు 26 డిగ్రీల దగ్గరే నీటి బొట్టుగా మారుతుంది, కాయిల్ అంతకంటే చల్లగా ఉన్నంతసేపూ చెమట పట్టడం ఆగదు.

మధ్యాహ్నం 11:30కి, సముద్రపు గాలి తిరగక ముందు, బయట 36 డిగ్రీలు, తేమ 48 శాతం. వెంట్ గాలి 26.5 దగ్గర ఆగింది, 11వ నిమిషానికి బయటి వేడితో సమానమైంది.

తేడా ఎందుకంటే, ఉదయపు గాలి కిలోకి 1.6 గ్రాముల నీటినే అదనంగా తీసుకోగలదు. మధ్యాహ్నపు గాలి 4 గ్రాములు తీసుకుంటుంది. మోయాల్సిన నీరు మాత్రం రెండు పూటలా ఒకటే, ఆ 180 మి.లీ. రోహిణీ కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయంటారు, కాయిల్ ఎండబెట్టడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి రోజులు దొరకవు. సముద్రపు గాలి వీచాక సాయంత్రం 5 గంటలకి చేస్తే మళ్లీ 20 నిమిషాలు దాటింది.

ఎండబెట్టడానికి ఇంకో పద్ధతి హీటర్. ఇక్కడ చాలామంది పొరబడతారు. హీటర్ కోర్ కాయిల్‌కి తర్వాత ఉంటుంది. బయటి గాలి మోడ్‌లో హీటర్ వేస్తే వేడి గాలి మీ మొహానికి తగులుతుంది, కాయిల్‌కి మాత్రం బయటి తేమ గాలే. లోపలి గాలి మోడ్‌లో పెట్టి, గాలిని కాళ్ల వైపు వదిలితే, వేడెక్కిన గాలి తిరిగి లోపలికి లాక్కోబడి కాయిల్ గుండా వెళ్తుంది. ఇలా:

1. కారు తిరిగొచ్చి ఇంజన్ వేడిగా ఉండగానే, ఆరుబయట ఆపి, ఏసీ బటన్ ఆపాలి.
2. లోపలి గాలి, పూర్తి వేడి, గాలి కాళ్ల వైపు, బ్లోయర్ 3.
3. వెనక అద్దాలు రెండు వేళ్లంత దించాలి. ఆవిరి బయటికి పోవాలి, లేకపోతే రాత్రికి చల్లబడి సీట్ల మీదే దిగుతుంది.
4. మనుషులు బయట నిలబడాలి, దగ్గరే. పిల్లల్ని, కుక్కల్ని లోపల ఉంచొద్దు.
5. 8 నిమిషాల తర్వాత బయటి గాలి, పూర్తి చల్లవైపు నాబ్, 5 నిమిషాలు. వెంట్ గాలి బయటి కంటే చల్లగా లేకపోతే ఎండినట్టే.

మా కారుకి 8 నిమిషాలు సరిపోయాయి. వర్షాకాలంలో పనికొచ్చే పద్ధతి ఇదొక్కటే.

రోజూ ఇదంతా ఎవరూ చేయలేరు, చేయక్కర్లేదు కూడా. పెట్టుకున్న నియమం ఇది. రోజూ ఇంటికి 5 నిమిషాల ముందు ఏసీ ఆపడం, ఇది ఎండబెట్టదు, వేలాడే బొట్లని తొట్టిలోకి దించుతుంది. ట్రాఫిక్‌లో లోపలి గాలి మోడ్, కాయిల్ మీద పడే నీరే తగ్గుతుంది. ఆపేటప్పుడు బయటి గాలికి మార్చడం, పెట్టెలోకి గాలి ఆడుతుంది. వారానికి ఒక్కసారి పూర్తిగా ఎండబెట్టడం.

ఓజోన్ యంత్రం అద్దెకి తెమ్మని సలహా వచ్చింది. తేలేదు. పైన వాసన పోతుంది, తొట్టిలో జిగురు కదలదు. పైగా ఓజోన్ రబ్బరుని పగలగొడుతుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇప్పటిదాకా: రూ. 4,110, 15 గంటలు, వాసన 0.

ఇదే పని నేరుగా చేసేవాళ్లకి కావాల్సినవి, మేము కొన్న ధరల్లో: ఫిల్టర్ 320, కేబుల్ టైలు, ట్యూబ్ 70, నురగ ఒక డబ్బా 520, స్ప్రేయర్ 180, నీళ్లు 40. మొత్తం రూ. 1,130. థర్మామీటర్ కలిపితే 1,580. దశ 3, 4, 5 వరసలోనే చేయాలి. డ్రెయిన్ తెరవకుండా కాయిల్ కడిగితే ఆ నీరంతా ఎక్కడికి పోతుందో ఇప్పటికి తెలిసే ఉంటుంది.

తర్వాతి మార్కులు

జూన్ 15: 0. జూన్ 29: 0. జూలై 13: 1. ఆ వారం, దాని ముందు వారం ఎండబెట్టడం తప్పింది, కారు రోజూ సాయంత్రమే కదిలింది. హీటర్ పద్ధతి ఒకసారి చేశాక జూలై 15న 0.5, జూలై 20న 0. నురగ మళ్లీ వాడలేదు.

ఆగస్టు 17: మగ్గు పరీక్ష, 30 డిగ్రీలు, తేమ 78 శాతం, 505 మి.లీ. మ్యాట్ కింద టిష్యూ కాగితం పెట్టి దాని మీద రెండు నిమిషాలు నిలబడితే పొడిగానే ఉంది.

అక్టోబరు 26: ఈశాన్య రుతుపవనాల మొదటి పెద్ద వాన తర్వాత జాలీ ఎత్తి చూశాం. కొత్త క్లిప్పు గట్టిగా ఉంది, పైన మాత్రం తడి ఆకులు గుప్పెడు. బాతు ముక్కు పెదవులు మళ్లీ అతుక్కోవడం మొదలైంది. వేలితో విడదీసి, చివర అర సెంటీమీటరు కత్తిరించి, బియ్యం సంచి నైలాన్ జాలీ ముక్క కట్టాం, పురుగులు దూరకుండా. మగ్గులో 490 మి.లీ., వాసన 0. జాలీ ముక్కకి జిగురు పడుతుందో లేదో డిసెంబరులో విప్పి చూడాలి.